3 డిగ్రీల తేడా మైనస్ 16 ఎలా అయింది: సెల్సియస్, ఫారన్‌హీట్, కెల్విన్ మార్పిడిలో అసలు చిక్కు

అడిగిన సంగతి ఇదీ. చిత్తూరు దగ్గర పూతలపట్టు వైపు ఒక పాల సెంటర్‌లో పాత బల్క్ మిల్క్ కూలర్ ఉంది. కంట్రోలర్ కాలిపోతే సెల్సియస్‌లో పనిచేసే కొత్తది తెచ్చారు. పాతదాని మూత మీద సెట్టింగులు ఫారన్‌హీట్‌లో రాసి ఉన్నాయి: సెట్ పాయింట్ 39, డిఫరెన్షియల్ (కంప్రెసర్ ఆగే చోటుకూ మళ్లీ మొదలయ్యే చోటుకూ మధ్య తేడా) 3, హై అలారం 46. ఫోన్‌లో మార్చి చూస్తే 39కి 3.9, 46కి 7.8 వచ్చాయి. 3కి మాత్రం మైనస్ 16.1 వచ్చింది. కంట్రోలర్ మైనస్ అంకె తీసుకోవడం లేదు, 16 అని పెట్టేయొచ్చా అన్నది మొదటి ప్రశ్న. సెన్సర్‌ను మరిగే నీళ్లలో పెడితే 98.8 చూపిస్తోంది, అది పాడైనట్టేనా అన్నది రెండోది. పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్ మీద 60 ఫారన్‌హీట్ అని ఉంది, సవరణ సెల్సియస్‌లో ఎలా చేయాలన్నది మూడోది.

16 పెట్టకండి. అక్కడ పెట్టాల్సింది 1.7.

16 పెడితే ఏమవుతుందో చూడండి. పాలు 3.9కి చల్లబడగానే కంప్రెసర్ ఆగుతుంది. మళ్లీ ఆన్ కావాలంటే 3.9 + 16, అంటే దాదాపు 20 డిగ్రీలు రావాలి. పొద్దున పోసిన 500 లీటర్లు ట్యాంకులో 3.9 దగ్గర ఉన్నాయనుకోండి. సాయంత్రం 33 డిగ్రీల వేడితో 300 లీటర్లు వచ్చి కలిశాయి. కలిసిన పాల వేడి (500 × 3.9 + 300 × 33) ÷ 800, సుమారు 15 డిగ్రీలు. 20కి ఇంకా చేరలేదు కాబట్టి కంప్రెసర్ కదలదు. 7.8కి పెట్టిన అలారం మాత్రం మోగుతూనే ఉంటుంది. మెషీన్ కంప్రెసర్ ఆపేసి ఉంది, అలారం మోగుతోంది అంటే ఎవరైనా అలారంనే అనుమానించి దాన్ని ఆపేస్తారు. తెల్లారేసరికి 800 లీటర్లు పులుస్తాయి.

ఫోన్ లెక్క తప్పు కాదు. 3 °ఫా అనే వేడి నిజంగానే −16.1 °సె. కానీ మీ మూత మీద ఉన్న 3 వేడి కాదు, రెండు వేడుల మధ్య తేడా. ఈ రెంటికీ మార్పిడి సూత్రం వేరు.

వేడిని మార్చాలంటే:

ఫా = సె × 1.8 + 32
సె = (ఫా − 32) ÷ 1.8

తేడాను మార్చాలంటే 32తో పనే లేదు:

ఫా తేడా = సె తేడా × 1.8
సె తేడా = ఫా తేడా ÷ 1.8

32 ఎందుకు పోయిందో అర్థం చేసుకుంటే మళ్లీ మర్చిపోరు. అలిపిరిలో మొదటి మెట్టు నుంచి ఒకరు, గాలిగోపురం దగ్గర నుంచి ఇంకొకరు ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ కొండ ఎక్కుతున్నారనుకోండి. ఒకే మెట్టుకు ఇద్దరి దగ్గరా వేర్వేరు అంకెలు ఉంటాయి. కానీ పైనున్న ఏ రెండు మండపాల మధ్య ఎన్ని మెట్లు అంటే ఇద్దరూ ఒకటే చెబుతారు. ఎక్కడ మొదలుపెట్టారన్నది తేడాలో కొట్టుకుపోతుంది. 32 అన్నది కేవలం లెక్క మొదలైన చోటు. 1.8 మాత్రం మెట్టు ఎత్తు లాంటిది. మంచు కరిగే చోటు నుంచి నీరు మరిగే చోటు దాకా సెల్సియస్‌లో 100 మెట్లు, ఫారన్‌హీట్‌లో 180. అందుకే 180 ÷ 100 = 1.8. చిన్న మెట్లు ఎక్కువ, పెద్ద మెట్లు తక్కువ, అంతే.

కాగితంలో ఏది వేడి, ఏది తేడా అని గుర్తుపట్టడానికి పక్కనున్న మాట చూడండి. డిఫరెన్షియల్, హిస్టరిసిస్ (డిఫరెన్షియల్‌కే ఇంకో పేరు), టాలరెన్స్, అక్యురసీ, ఆఫ్‌సెట్ (రీడింగ్‌కు కలిపే సవరణ), ± గుర్తు, "కంటే ఎక్కువ", "కంటే తక్కువ", "పెరిగింది", "తగ్గింది" ఉంటే అది తేడా. 1.8తో మాత్రమే మార్చాలి. థర్మామీటర్ పెట్టె మీద ±0.5 °సె అని ఉంటే అది ±0.9 °ఫా, ±32.9 కాదు. కంట్రోలర్లలో ఇంకో ప్రమాదం ఉంది. కొన్నింటిలో మెనూలో యూనిట్‌ను ఫా నుంచి సె కి మారిస్తే తెర మీద చూపే వేడి మాత్రమే మారుతుంది, లోపల పెట్టిన సెట్ పాయింట్, అలారం, హిస్టరిసిస్ అంకెలు పాతవే ఉండిపోతాయి. 39 అని ఉన్న సెట్ పాయింట్ 39 సెల్సియస్ అయి కూర్చుంటుంది. యూనిట్ మార్చాక ప్రతి పారామీటర్‌ను ఒక్కొక్కటిగా తెరిచి చూడాల్సిందే.

వాతావరణ వార్తల్లోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. భారత వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 °సె ఉండి, మామూలు కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాలి, 6.4 కూడా దాటితే తీవ్ర వడగాలి. ఈ వాక్యంలో రెండు రకాల అంకెలూ ఉన్నాయి. 40 °సె వేడి కాబట్టి 104 °ఫా. 4.5 తేడా కాబట్టి 8.1 ఫారన్‌హీట్ డిగ్రీలు. మొత్తం వాక్యాన్ని మెషీన్‌కు ఇచ్చి మార్పిస్తే "మామూలు కంటే 40.1 డిగ్రీలు ఎక్కువ" అని రాసేస్తుంది. తిరుపతి మే నెల ఎండలకు కూడా అది సాధ్యం కాదు.

కొలతల పట్టికలు తయారుచేసేవాళ్లకు ఒక మాట: సగటు వేడిని 32 కలిపే సూత్రంతో మార్చాలి, ప్రామాణిక విచలనాన్ని 1.8తో మాత్రమే గుణించాలి, విస్తృతిని 1.8 వర్గంతో, అంటే 3.24తో గుణించాలి. ఒకే నిలువు వరుసలో పెట్టి ఒకే సూత్రం కిందికి లాగితే సగం తప్పులు వస్తాయి.

ఇప్పుడు లాక్టోమీటర్. ఇక్కడ మూడో రకం అంకె వస్తుంది: "ఒక్కో డిగ్రీకి ఇంత" అనేది. దీని మార్పిడి తలకిందులుగా ఉంటుంది. ఫారన్‌హీట్ మెట్టు చిన్నది కాబట్టి ఒక్కో ఫారన్‌హీట్ డిగ్రీకి జరిగే మార్పు తక్కువ, ఒక్కో సెల్సియస్ డిగ్రీకి జరిగే మార్పు దానికి 1.8 రెట్లు.

పాలు వేడెక్కితే పలచబడి లాక్టోమీటర్ లోతుగా మునుగుతుంది, రీడింగ్ తక్కువ పడుతుంది. అందుకని 60 °ఫా గుర్తున్న లాక్టోమీటర్‌కు, పాలు 60 కంటే ఎన్ని ఫారన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ ఉంటే ఒక్కోదానికి 0.1 చొప్పున కలపాలి. పాలు 29 °సె దగ్గర ఉన్నాయి, రీడింగ్ 27 అనుకుందాం. 29 °సె అంటే 84.2 °ఫా. 60 తీసేస్తే 24.2, దానికి సవరణ 2.4, సరిచేసిన రీడింగ్ 29.4. నేరుగా సెల్సియస్‌లో చేయాలంటే 60 °ఫా అంటే 15.6 °సె, తేడా 13.4, ఒక్కో డిగ్రీకి 0.18 చొప్పున మళ్లీ 2.4. రెండు దారులూ ఒకే చోటికి రావాలి. రాకపోతే ఎక్కడో తప్పింది.

ఎక్కడ తప్పుతుందంటే, సెల్సియస్ తేడాకు కూడా 0.1 చొప్పునే కలిపేస్తారు. అప్పుడు 1.3 మాత్రమే కలిసి 28.3 వస్తుంది. ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాని ఘనపదార్థం) సూత్రంలో లాక్టోమీటర్ రీడింగ్‌ను 4తో భాగిస్తాం కదా, ఇక్కడ పోయిన 1.1 అక్కడ దాదాపు 0.27 ఎస్ఎన్ఎఫ్ కోతగా తేలుతుంది. పాలు పోసిన రైతు నీళ్లు కలపకపోయినా కలిపినట్టు కనబడతాడు, రేటు తగ్గుతుంది. దీన్ని చిన్న పొరపాటు అనుకోకూడదు. రోజుకు రెండు పూటలు, నెలకు అరవై సార్లు అదే మనిషికి అదే నష్టం. సెంటర్ గోడ మీద "60 ఫా లాక్టోమీటర్: ఒక్కో సెల్సియస్ డిగ్రీకి 0.18" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. సవరణ ఎంత పెద్దదైతే లెక్క మీద నమ్మకం అంత తగ్గుతుంది కాబట్టి, వీలైతే 27 °సె గుర్తున్న లాక్టోమీటర్ కొనడం మేలు. మన దగ్గర పాలు ఉండే వేడికి అది దగ్గర.

ఇదే "ఒక్కో డిగ్రీకి" సూత్రం ఉక్కు వ్యాకోచానికీ వర్తిస్తుంది. పుస్తకంలో ఒక్కో సెల్సియస్ డిగ్రీకి పది లక్షల్లో 12 వంతులు అని ఉంటే, ఒక్కో ఫారన్‌హీట్ డిగ్రీకి అది 6.7 వంతులు. 13 మీటర్ల రైలు పట్టా తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ 30 సెల్సియస్ డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4.7 మిల్లీమీటర్లు సాగుతుంది. 54 ఫారన్‌హీట్ డిగ్రీలతో, 6.7తో చేసినా అదే వస్తుంది. 54తో 12ను గుణించారా, 8.4 మిల్లీమీటర్లు అని తప్పుడు జవాబు.

మరిగే నీళ్లలో 98.8 సంగతి. మీ సెన్సర్‌కు ఏమీ కాలేదు. నీరు 100 °సె దగ్గర, 212 °ఫా దగ్గర మరగడం సముద్రమట్టం దగ్గర మాట. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీరు తొందరగా మరుగుతుంది. మన ఎత్తుల్లో దాదాపు ప్రతి 300 మీటర్లకు ఒక సెల్సియస్ డిగ్రీ తగ్గుతుందనుకోవచ్చు. తిరుపతి ఊరు సుమారు 160 మీటర్ల ఎత్తు, అక్కడ 99.5. చిత్తూరు సుమారు 330 మీటర్లు, అక్కడ 98.9. తిరుమల కొండ మీద, సుమారు 850 మీటర్లు కాబట్టి, 97 దాటి కొంచెం. హార్స్‌లీ హిల్స్‌లో 96 కూడా ఉండదు. చిత్తూరు దగ్గర మీ 98.8 దాదాపు కచ్చితమైన రీడింగ్. దాన్ని "సరిచేయడానికి" ఆఫ్‌సెట్‌లో 1.2 కలిపి ఉంటే వెంటనే తీసేయండి. ఆ ఆఫ్‌సెట్ 4 డిగ్రీల దగ్గర కూడా కలుస్తుంది. పాలు 4 దగ్గర ఉంటే కంట్రోలర్ 5.2 అనుకుని ఇంకా చల్లబరుస్తూ పోతుంది. పాలు గడ్డకట్టేది సున్నాకు అర డిగ్రీ కిందే, కాబట్టి ట్యాంకు అడుగున ఐసు పొర కట్టే దాకా వెళ్లొచ్చు.

నిజానికి పాల కూలర్ సెన్సర్‌ను మరిగే నీళ్లలో చూడాల్సిన అవసరమే లేదు. అది పనిచేసేది 2 నుంచి 10 డిగ్రీల మధ్య. చూడాల్సింది ఐసు దగ్గర. పైగా ఈ కంట్రోలర్లతో వచ్చే ఎన్‌టీసీ (వేడెక్కితే విద్యుత్ నిరోధం తగ్గే రకం) సెన్సర్లలో చాలావాటి పరిమితి 100 చుట్టుపక్కలే ఉంటుంది, ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి లోపలికి నీరు చేరొచ్చు.

ఐసు పరీక్షకు గ్లాసు చాలదు, థర్మాస్ ఫ్లాస్క్ గానీ మందపాటి చెంబు గానీ తీసుకోండి. శుభ్రమైన నీటితో చేసిన ఐసును శనగపప్పు అంత ముక్కలయ్యేలా దంచి నిండుగా నింపండి. తర్వాత ముక్కల మధ్య ఖాళీలు నిండేంత మాత్రమే చల్లటి నీళ్లు పోయండి. ఐసు నీళ్లలో తేలుతోందంటే నీళ్లు ఎక్కువయ్యాయి, ఒంచేయండి. తేలే ఐసు కింద నీరు 4 డిగ్రీల దాకా ఉండగలదు, ఎందుకంటే నీరు బాగా బరువుగా ఉండేది అక్కడే, అది అడుగుకు చేరుతుంది. సెన్సర్‌ను కనీసం నాలుగు అంగుళాలు లోపలికి, గోడకూ అడుక్కీ తగలకుండా పెట్టి, కలుపుతూ ఐదు నిమిషాలు ఆగండి. ఎత్తు మారినా ఈ బిందువు మారదు: 0 °సె, 32 °ఫా. ఉప్పు తగిలిన ఐసు వాడకూడదు. చేపల బండి దగ్గర తెచ్చిన ఐసుతో చేస్తే సున్నా కిందికి పోయి, మంచి సెన్సర్ తప్పు చూపిస్తోందని అనిపిస్తుంది. ఇక్కడ 0.6 చూపిస్తే ఆఫ్‌సెట్ మైనస్ 0.6 పెట్టండి, పని అయిపోయింది.

పాశ్చరైజర్ థర్మామీటర్‌కు మాత్రం రెండు చివరలూ చూడాలి, ఎందుకంటే అది పనిచేసేది మధ్యలో, 72 దగ్గర. చిత్తూరులో ఐసులో 0.6, మరిగే నీటి ఆవిరిలో 98.1 చూపించిందనుకోండి. అక్కడ రావాల్సింది 98.9. అప్పుడు అసలు వేడి = (రీడింగ్ − 0.6) × 98.9 ÷ 97.5. రీడింగ్ 72 అయితే అసలు వేడి 72.4. సున్నా దగ్గర ఎక్కువ చూపిన థర్మామీటరే 72 దగ్గర తక్కువ చూపిస్తోంది. ఒక్క చోటే చూసి ఆఫ్‌సెట్ పెడితే ఇంకో చోట తప్పు పెరుగుతుందని చెప్పడానికి ఇంతకంటే వేరే లెక్క అక్కర్లేదు.

బెల్లం, పాకం పనుల్లోనూ ఎత్తు ప్రభావం ఉంటుంది. బయటి దేశాల వంట పుస్తకాల్లో ఉండపాకానికి 235–240 °ఫా అని ఉంటుంది, అంటే సుమారు 113–116 °సె. ఆ అంకె సముద్రమట్టానికి. దాన్ని "నీరు మరిగే వేడి కంటే 23–28 ఫారన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ", అంటే "13–15.5 సెల్సియస్ డిగ్రీలు ఎక్కువ" అని తేడాగా రాసుకోండి. ముందు మీ ఊళ్లో మీ థర్మామీటర్‌తో నీళ్లు మరిగించి చూసి, ఆ అంకెకు ఇది కలపండి. హార్స్‌లీ హిల్స్‌లో 240 °ఫా దాకా కాస్తే ఉండపాకం దాటిపోయి గట్టిపాకం అవుతుంది. తేడాగా రాసుకుంటే థర్మామీటర్‌లో ఉన్న చిన్న తప్పు కూడా చాలావరకు తనంతట తనే కొట్టుకుపోతుంది.

నోటి లెక్కకు రెండు దారులున్నాయి, రెండూ కచ్చితమైనవే, ఉజ్జాయింపులు కావు. సెల్సియస్ నుంచి ఫారన్‌హీట్‌కు: రెట్టింపు చేయండి, అందులో పదో వంతు తీసేయండి, 32 కలపండి. 37 రెట్టింపు 74, పదో వంతు 7.4 తీస్తే 66.6, 32 కలిపితే 98.6. రెండో దారి మైనస్ 40 నుంచి వస్తుంది. ఆ ఒక్క చోట రెండు స్కేళ్లూ ఒకే అంకె చూపిస్తాయి, కాబట్టి అక్కడి నుంచి లెక్కపెడితే మొదలు చోటు గొడవే ఉండదు. ఏ వైపు మార్చినా ముందు 40 కలపండి, 1.8తో గుణించండి లేదా భాగించండి, చివర 40 తీసేయండి. 104 °ఫా: 144 ÷ 1.8 = 80, 40 తీస్తే 40 °సె. 32 ముందు తీయాలా తర్వాత కలపాలా అన్న తికమక ఇందులో లేదు. పిల్లలకు నేర్పేవాళ్లు ఇదే నేర్పితే బాగుంటుందని నా అభిప్రాయం.

లెక్కే వద్దనుకుంటే ఐదుకు తొమ్మిది గుర్తుపెట్టుకోండి. 0కి 32 నుంచి మొదలుపెట్టి ఇటు ఐదేసి, అటు తొమ్మిదేసి: 5కి 41, 10కి 50, 15కి 59, 20కి 68, 25కి 77, 30కి 86, 35కి 95, 40కి 104, 45కి 113. ఉజ్జాయింపుకు అంకెలు తిరగేస్తే సరిపోయే మూడు జంటలు కూడా ఉన్నాయి: 04కి 40, 16కి 61, 28కి 82. అసలు విలువలు 39.2, 60.8, 82.4.

జ్వరం లెక్కలో అర డిగ్రీ మెట్లు పనికొస్తాయి: 37కి 98.6, 37.5కి 99.5, 38కి 100.4, 38.5కి 101.3, 39కి 102.2, 39.5కి 103.1, 40కి 104. మన ఇళ్లలో జ్వరం అంటే నూటొకటి, నూటరెండు అనే ఫారన్‌హీట్ లెక్కే. డిజిటల్ థర్మామీటర్ బటన్ ఎక్కువసేపు నొక్కుకుపోయి సెల్సియస్‌లోకి మారితే తెర మీద 39.4 కనబడుతుంది, తొంభై కూడా లేదు కదా అని పిల్లకు జ్వరం లేదనుకుంటారు. అది 102.9. పక్కనున్న అక్షరం చూడండి. అక్షరం కనబడకపోతే, 45 లోపు ఉన్న అంకె సెల్సియస్, 90 పైన ఉన్నది ఫారన్‌హీట్. మనిషి ఒంటి వేడిలో ఈ రెండూ ఎప్పుడూ కలవవు.

98.6 గురించి ఒక మాట. జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ 1868లో చాలామంది రోగుల ఒంటి వేడి కొలిచి 37 °సె ను మామూలు వేడిగా చెప్పాడు. 37 అన్నది రౌండ్ చేసిన అంకె. దాన్ని సూత్రంలో పెడితే 98.6 వచ్చి, పదో వంతు దాకా కొలిచినట్టు కనబడుతుంది. అందుకే 98.9 రాగానే కంగారుపడతారు. మార్పిడి కొత్త కచ్చితత్వాన్ని పుట్టించదు. అసలు అంకె ఎంత నిక్కచ్చో మార్చిన అంకె కూడా అంతే.

ఎటు రౌండ్ చేయాలన్నది ఇంకా ముఖ్యం. భద్రతకు సంబంధించిన హద్దును ఎప్పుడూ భద్రమైన వైపుకే రౌండ్ చేయాలి. పాశ్చరైజేషన్ 161 °ఫా, 15 సెకన్లు. 161 అంటే 71.67 °సె, మనం 72 అంటాం, పైకి. నిదానంగా చేసే పద్ధతి 145 °ఫా, 30 నిమిషాలు. అది 62.8, మనం 63 అంటాం. చల్లదనం హద్దు 40 °ఫా అయితే 4.4, అది 4 అవ్వాలి, 5 కాదు. ఫ్రీజర్ల మీద కనబడే మైనస్ 18 కూడా ఇలా వచ్చిందే: అది 0 °ఫా, అసలు విలువ −17.8. మామిడి గుజ్జు ఎగుమతి చేసే చిత్తూరు ఫ్యాక్టరీలవాళ్లు ఇది బాగా గమనించాలి. కొనుగోలుదారు కాగితంలో "0 దగ్గర నిల్వ" అని ఉండి మిగతా అంకెలన్నీ 185, 100 అని ఫారన్‌హీట్‌లో ఉంటే, ఆ 0 కూడా ఫారన్‌హీట్‌దే. దాన్ని సెల్సియస్ సున్నాగా చదివితే గుజ్జు 18 డిగ్రీలు వేడిగా ఉన్నట్టు. 185 మాత్రం చక్కగా 85 °సె కు వస్తుంది.

అసలు ఈ 32 ఎక్కడిది? ఫారన్‌హీట్ 1724లో చెప్పిన స్కేలులో ఐసు, నీరు, నవాసారం కలిపిన మిశ్రమం 0, నీటితో కలిసిన మంచు 32, మనిషి ఒంటి వేడి 96. తర్వాత నీరు మరిగే చోటును 212గా ఖాయం చేయడంతో ఒంటి వేడి 98.6 వైపుకు జరిగింది. సెల్సియస్ 1742లో తన స్కేలును తలకిందులుగా పెట్టాడు: నీరు మరిగేది 0, మంచు 100. ఆయన 1744లో చనిపోయాక అది తిరగబడి ఇప్పటి రూపానికి వచ్చింది. "సెంటీగ్రేడ్" అన్న పేరు 1948 నుంచి అధికారికంగా "సెల్సియస్" అయింది. రెండూ ఒకటే, మార్పిడి ఏమీ లేదు. రోమర్ అనే పాత స్కేలు, రియోమర్ అనే ఇంకోటి ఉన్నాయి. రియోమర్‌లో నీరు 80 దగ్గర మరుగుతుంది కాబట్టి సెల్సియస్‌కు 1.25తో గుణిస్తే చాలు. పాత యూరప్ పాకం పుస్తకాలు చదివేవాళ్లకు తప్ప ఎవరికీ అక్కర్లేదు.

కెల్విన్ అలా కాదు, అది నిజంగా అవసరం. సెల్సియస్‌కు 273.15 కలిపితే కెల్విన్. మెట్టు ఎత్తు ఒకటే, మొదలు చోటు మాత్రం వేరు. అందుకే తేడాలకు సెల్సియస్ అన్నా కెల్విన్ అన్నా ఒకటే: 1.7 సెల్సియస్ డిగ్రీల తేడా 1.7 కెల్విన్ తేడా. కొన్ని కంట్రోలర్ మాన్యువళ్లలో డిఫరెన్షియల్ పక్కన కెల్విన్ గుర్తు వేస్తారు, ఇది వేడి కాదు తేడా అని చెప్పడానికే. అక్కడ 273 తీయబోకండి. కెల్విన్ ముందు "డిగ్రీ" అనే మాట కూడా 1967 నుంచి వాడరు.

కెల్విన్ లేకుండా కుదరని చోటు "ఎన్ని రెట్లు" అన్న లెక్క. 20 °సె కంటే 40 °సె రెట్టింపు వేడి కాదు. 293 నుంచి 313కి, దాదాపు 7 శాతం పెరిగింది, అంతే. టైరు గాలి చూడండి. తెల్లవారి 25 °సె దగ్గర 32 పీఎస్ఐ నింపి ఘాట్ రోడ్డు ఎక్కారు, టైరులో గాలి 55 °సె అయింది. 55 ను 25తో భాగించి 2.2 రెట్లు అంటే టైరు పేలాలి. సరైన లెక్కకు రెండు వైపులా మొదలు చోటు సరిచేయాలి. గేజీ చూపే 32కి బయటి గాలి ఒత్తిడి 14.7 కలిపితే 46.7. కెల్విన్‌లో 328.15 ను 298.15తో భాగిస్తే 1.10. గుణిస్తే 51.4, మళ్లీ 14.7 తీస్తే 36.7 పీఎస్ఐ. వేడెక్కిన టైరులో నాలుగున్నర పీఎస్ఐ ఎక్కువ ఉండటం మామూలే, పైకెక్కాక గాలి తీసేయకూడదు.

మన ప్రాంతంలోనే కెల్విన్ రోజూ వాడే చోట్లున్నాయి. శ్రీహరికోట రాకెట్లలో క్రయోజెనిక్ దశకు వాడే ద్రవ హైడ్రోజన్ 20.3 కెల్విన్ దగ్గర మరుగుతుంది. అది −252.9 °సె, −423.2 °ఫా. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలవాళ్లు చదివే మన పై వాతావరణంలో వేడి 193 కెల్విన్ దాకా, అంటే −80 °సె దాకా పడిపోతుంది. అంత కింద మైనస్ గుర్తులతో లెక్కలు చేయడం కంటే సున్నా నుంచి మొదలయ్యే స్కేలు సుఖం. ఫారన్‌హీట్ మెట్లతో అలా సున్నా నుంచి మొదలయ్యేది ర్యాంకిన్: ఫా + 459.67. అమెరికా ఇంజనీరింగ్ పుస్తకాల్లో మాత్రమే తగులుతుంది.

ప్రోగ్రామ్ రాసే విద్యార్థులకు ఒకటి: సి, జావా భాషల్లో 5ను 9తో అలాగే భాగిస్తే పూర్ణసంఖ్యల భాగహారం జరిగి 0 వస్తుంది, ఏ ఫారన్‌హీట్ అంకె ఇచ్చినా జవాబు 0. 5.0, 9.0 అని రాయండి. సరిచూడటానికి మూడు అంకెలు చాలు: 212కి 100, 32కి 0, −40కి −40.

ఇక మీ కంట్రోలర్. పాత అంకెల మార్పిడి: సెట్ పాయింట్ 3.9, డిఫరెన్షియల్ 1.7, అలారం 7.8. కానీ పెట్టే ముందు కొత్త కంట్రోలర్ డిఫరెన్షియల్‌ను ఎలా లెక్కిస్తుందో చూడండి. కొన్ని సెట్ పాయింట్ దగ్గర ఆగి, దానికి డిఫరెన్షియల్ కలిపిన చోట మొదలవుతాయి: మీకు 3.9 దగ్గర ఆఫ్, 5.6 దగ్గర ఆన్. కొన్ని సగం పైకి సగం కిందికి పంచుతాయి: సుమారు 3 దగ్గర ఆఫ్, 4.8 దగ్గర ఆన్. మొదటి రకం అయితే పాలు 4 దాటి చాలాసేపు ఉంటాయి కాబట్టి సెట్ పాయింట్ 3.0, డిఫరెన్షియల్ 1.2 పెట్టడం మంచిది. డిఫరెన్షియల్‌ను 0.5కి దించకండి, కంప్రెసర్ మాటిమాటికీ ఆగి మొదలై కాలిపోవచ్చు. పెట్టాక ట్యాంకులో పాలు గానీ నీళ్లు గానీ ఉంచి, అజిటేటర్ (పాలు కలిపే రెక్క) తిరుగుతుండగా విడి థర్మామీటర్‌తో ఒక పూర్తి సైకిల్ దగ్గరుండి చూసి, ఎంత దగ్గర ఆగిందో ఎంత దగ్గర మొదలైందో మూత లోపల సెల్సియస్‌లోనే రాసి పెట్టండి. పాత ఫారన్‌హీట్ కాగితం చించేయండి.